ఫార్మాట్ అయిన కార్డు, టిక్‌టిక్‌మంటున్న హార్డ్‌డిస్కు: దేన్ని ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తుంటాను. మంగళగిరిలో ఒక పెళ్ళి తీశాక, కార్డు కాపీ అయిపోయిందనుకుని మర్నాడు వ్రతం దగ్గర కెమెరాలోనే ఫార్మాట్ కొట్టాను. ఓ యాభై ఫొటోలు తీశాక తెలిసింది, నేను కాపీ చేసుకున్నది వేరే కార్డని. ఇది 64 జీబీ కార్డు. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా ఫొటోలన్నీ, కొన్ని చిన్న వీడియో క్లిప్పులూ ఇందులోనే ఉన్నాయి. ఆ కంగారులో పాత పెళ్ళిళ్ళున్న 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు బల్ల మీంచి కింద పడేశాను. పెడితే టిక్ టిక్ అంటోంది తప్ప కంప్యూటర్‌లో కనపడటం లేదు. ఫ్రెండు చెక్‌డిస్క్ కొట్టమంటున్నాడు. ఒక షాపులో విప్పి హెడ్ మారుస్తామని, 4 వేలవుతుందని అన్నారు. ఏం చేయమంటారు? ఇకముందు ఫొటోలు ఎలా దాచుకోవాలి?

సమాధానం: కార్డులో ఫొటోలు చాలావరకు తిరిగొచ్చే అవకాశం ఉంది. హార్డ్‌డిస్కు సంగతి వేరు, దాని దారి వేరు. ఇవాళ మాత్రం రెండింటికీ చేయాల్సింది ఒకటే. కార్డు కెమెరాలోంచి తీసి పక్కన పెట్టండి, డిస్కు కేబుల్ పీకేయండి. చెక్‌డిస్క్ కొట్టొద్దు, డిస్కు విప్పించొద్దు. ఎందుకో చెబుతాను.

ముందు కార్డు. కెమెరాలో మామూలుగా జరిగే ఫార్మాట్ ఫొటోలను తుడిచేయదు. 64 జీబీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో నడుస్తాయి. ఏ ఫైలు ఎక్కడ మొదలవుతుందో రాసుకునే ఫోల్డర్ల పట్టీ ఒకటి, ఏ చోటు నిండిందో ఏది ఖాళీయో రాసుకునే పట్టీ ఒకటి అందులో ఉంటాయి. ఫార్మాట్ కొట్టగానే కెమెరా ఈ రెండింటినీ కొత్తగా రాసి అంతా ఖాళీ అని పెడుతుంది. ఫొటోల అసలు డేటా ఉన్నచోటే ఉంటుంది. దాని మీద ఇంకేదైనా రాసినప్పుడే అది పోతుంది.

మీరు రాశారు, యాభై ఫొటోలు. ఎంత పోయి ఉంటుందో లెక్క వేద్దాం. రా (కెమెరా పట్టింది పట్టినట్టు దాచే పెద్ద ఫైలు), జేపెగ్ (మామూలు ఫొటో ఫైలు) రెండూ కలిపి తీస్తుంటే ఫొటోకి సుమారు 35 ఎంబీ అనుకోండి, యాభైకి 1.75 జీబీ. 64 జీబీలో అది మూడు శాతం లోపే. పైగా ఫార్మాట్ అయిన కార్డుని కెమెరా సాధారణంగా మొదటి నుంచి నింపుకుంటూ వస్తుంది. అంటే ఆ యాభై ఎక్కింది పెళ్ళిలో మీరు అన్నిటికంటే ముందు తీసిన ఫొటోల మీద. తాళి, తలంబ్రాలు, అప్పగింతలు కార్డులో ఇంకా లోపలికి ఉంటాయి కాబట్టి వాటికి దెబ్బ తగిలే అవకాశం తక్కువ. అయితే ఇకమీదట ఆ కార్డు మీద ఒక్క ఫొటో కూడా తీయకూడదు. కెమెరాలో పెట్టి చూడనైనా చూడొద్దు.

కార్డుకి ఎడమ పక్కన చిన్న తాళం మీట ఉంటుంది. గోటితో కిందికి లాగి లాక్ చేయండి. కార్డు పెట్టగానే విండోస్ మనకు చెప్పకుండా దాని మీద ఒక సిస్టమ్ ఫోల్డరు రాసే అలవాటుంది, అందుకని ఈ లాక్. కానీ ఈ మీట కార్డు లోపల ఏదీ ఆపదు, అది లాక్‌లో ఉందని రీడరు గమనించి రాయడం మానాలి. చవకరకం రీడర్లు కొన్ని పట్టించుకోవు. కాస్త మంచి కంపెనీ యూఎస్‌బీ 3 రీడరు వాడండి. మైక్రో ఎస్‌డీ కార్డు వాడే పాఠకులకు మీట కార్డు మీద ఉండదు, అడాప్టర్ మీద ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. రికవరీ సాఫ్ట్‌వేర్‌ని నేరుగా కార్డు మీద నడపకండి. ముందు కార్డు మొత్తాన్ని, ఖాళీగా కనపడే చోటుతో సహా, ఒకే పెద్ద ఫైలుగా కంప్యూటర్‌లోకి దించుకోండి. దీన్ని ఇమేజ్ అంటారు. ఆ తర్వాత ప్రయత్నాలన్నీ ఆ ఇమేజ్ మీదే చేస్తారు. ఒక సాఫ్ట్‌వేర్ పనికిరాకపోతే ఇంకొకటి, అదీ కాకపోతే మరొకటి. కార్డు మాత్రం కవర్లో భద్రంగా ఉంటుంది.

ఇమేజ్‌కి విండోస్‌లో విన్32 డిస్క్ ఇమేజర్ అనే ఉచిత ప్రోగ్రామ్ చాలు. పైన గళ్ళలో ఇమేజ్ ఫైలు పేరు, అది ఏ డ్రైవ్‌లో దిగాలో ఇవ్వండి. పక్కన కార్డుకి విండోస్ ఇచ్చిన డ్రైవ్ అక్షరం ఎంచుకోండి. నింపిన భాగాలే చదవమనే టిక్కు పెట్టొద్దు, మనకు మొత్తం కావాలి. తర్వాత రీడ్ నొక్కండి. దాని పక్కనే రైట్ అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే కంప్యూటర్‌లో ఉన్నది కార్డు మీదికి వెళ్ళి ఉన్న డేటా కూడా నాశనమవుతుంది. కంగారులో ఈ తప్పు చాలామంది చేస్తారు, మీట లాక్ చేయమన్నది ఇందుకు కూడా. కంప్యూటర్‌లో ఇమేజ్‌కి 64 జీబీ, తిరిగొచ్చే ఫైళ్ళకు ఇంకో 64 జీబీ, కలిపి 130 జీబీ దాకా ఖాళీ ఉంచుకోండి. సెకనుకి 80 ఎంబీ చదివే రీడరైతే పావుగంటలోపు అయిపోతుంది. పాత యూఎస్‌బీ 2 రీడరైతే 40 నిమిషాలు పట్టొచ్చు.

మధ్యలో చదవలేకపోతున్నానని ఆగిపోతే కార్డులో చెడిన చోట్లున్నాయని అర్థం. మళ్ళీ మళ్ళీ రీడ్ నొక్కకండి. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ ఇలాంటి వాటికే ఉంది. అది బాగున్న చోట్లు ముందు చదివేసి, మొండికేసినవి చివరికి వదిలి, ఎక్కడిదాకా వచ్చిందో ఒక చిట్టా ఫైల్లో రాసుకుంటుంది. కరెంటు పోయినా ఆగిన చోటు నుంచే మళ్ళీ మొదలుపెట్టొచ్చు.

ఇమేజ్ వచ్చాక ఫొటోరెక్ అనే రికవరీ ప్రోగ్రామ్. క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన టెస్ట్‌డిస్క్‌తో పాటే వస్తుంది, పూర్తిగా ఉచితం. మౌస్‌తో వాడుకునే క్యూఫొటోరెక్ కూడా అదే ఫోల్డర్లో ఉంటుంది, దాన్నే తెరవండి. డిస్కుల జాబితాలో రా డిస్క్ ఇమేజ్ జోడించే ఎంపిక ఉంటుంది, అక్కడ మీ ఇమేజ్ చూపించండి. మొత్తం డిస్కు అనే వరస ఎంచుకోండి. ఫైల్ సిస్టమ్ దగ్గర ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉన్న వరస. ఖాళీ చోటు మాత్రమే వెతకాలా, అంతా వెతకాలా అంటే అంతా అనండి. కొత్తగా తీసిన వ్రతం ఫొటోలు కూడా కలిసి వస్తాయి, ఫరవాలేదు.

ఫైల్ రకాల బటన్ నొక్కి అన్నీ తీసేసి మూడే టిక్ చేయండి: జేపీజీ, టిఫ్, మూవ్. నికాన్ రా ఫైళ్ళు, సోనీ రా ఫైళ్ళు, పాత కానన్ రా ఫైళ్ళు ఫొటోరెక్ లెక్కలో టిఫ్ కిందికే వస్తాయి. ఆ సంగతి తెలియక జేపీజీ ఒక్కటే టిక్ చేసి, రా ఫైళ్ళు పోయాయని బాధపడేవాళ్ళు ఉన్నారు. ఎంపీ4 వీడియోలు, కానన్ కొత్త రకం రా ఫైళ్ళు మూవ్ కింద దొరుకుతాయి. అన్ని రకాలూ టిక్ చేసి వదిలేస్తే ఫొటోల్లోంచి ముక్కలు పట్టుకొచ్చి వేల కొద్దీ చెత్త ఫైళ్ళు పోగేస్తుంది.

ఫొటోరెక్ పనిచేసే తీరు తెలుసుకుంటే ఫలితాన్ని సరిగ్గా అర్థం చేసుకోగలరు. అది ఫోల్డర్ల పట్టీ చూడదు. ప్రతి జేపెగ్ ఫైలూ ఒకే రకం గుర్తు బైట్లతో మొదలవుతుంది, ఆ గుర్తు కనపడ్డ చోటల్లా ఒక ఫైలు మొదలైందని తీసుకుని, వరసగా చదువుకుంటూ పోతుంది. అందుకే పాత పేర్లు, ఫోల్డర్లు రావు. అన్నీ నంబర్ల పేర్లతో వరసగా పోస్తుంది. ఫొటో లోపలే తేదీ, టైమ్ ఉంటాయి కాబట్టి ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో ఆ టైమ్‌నే పేరుగా మార్చుకుంటే పెళ్ళి జరిగిన వరసలోనే సర్దుకుంటాయి.

తిరిగొచ్చిన ఫొటోలను ఫోల్డర్లో చిన్న బొమ్మలుగా చూసి సంతోషపడకండి. ఫొటో మొదట్లోనే ఒక చిన్న బొమ్మ విడిగా దాగుంటుంది. అసలు ఫొటో సగం పోయినా ఆ చిన్న బొమ్మ నిక్షేపంగా కనపడుతుంది. ప్రతి ఫొటోనూ పూర్తి సైజులో తెరిచి కింది అంచు దాకా చూడండి. కింద సగం బూడిద రంగు పలకలా ఉన్నా, గులాబీ ఆకుపచ్చ చారలు పడినా ఆ భాగం మీద కొత్త డేటా ఎక్కిందని. అలాంటిది ముఖ్యమైన ఫొటో అయితే దాని రా ఫైలు చూడండి. రా ఫైల్లో కెమెరా ఒక పెద్ద జేపెగ్ కూడా దాచిపెడుతుంది. రా తెరుచుకోకపోయినా ఆ జేపెగ్‌ని ఎగ్జిఫ్‌టూల్‌తో బయటికి లాగే వీలుంది. చాలా కెమెరాల్లో ఆల్బమ్ పేజీలో చిన్న ఫొటోగా వేసుకోడానికి ఆ సైజు సరిపోతుంది.

వీడియో క్లిప్పులు కష్టం, అవి అన్నీ వస్తాయని ఆశ పెట్టుకోవద్దు. ఫైలు కార్డు మీద ఒకే వరసలో ఉంటేనే ఫొటోరెక్ పూర్తిగా తీయగలదు, పెద్ద ఫైళ్ళు ముక్కలుగా పడి ఉండే అవకాశం ఎక్కువ. పైగా చాలా కెమెరాలు వీడియోలో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే భాగాన్ని రికార్డింగ్ ఆపాక చివర రాస్తాయి. అది దొరక్కపోతే ఫైలు ఉన్నా ప్లే కాదు. అలాంటప్పుడు అన్‌ట్రంక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ప్రయత్నించండి. అదే కెమెరాతో, అవే సెట్టింగ్స్‌తో తీసిన బాగున్న క్లిప్పు ఒకటి చూపిస్తే, దాన్ని బట్టి చెడిన దానికి ఆ భాగం తయారు చేస్తుంది. ఇంకో మాట. జాగా కోసం కెమెరాలో ఫొటోలు ఒక్కొక్కటి తీసేసే అలవాటుంటే మానేయండి. మధ్య మధ్య ఖాళీలు పడి, తర్వాత వచ్చే ఫైళ్ళు ముక్కలవుతాయి. రేపు ఏదైనా జరిగితే అవి తిరిగి రావు.

ఇమేజ్‌లో వ్రతం ఫొటోలు యాభై తప్ప ఇంకేమీ దొరకలేదనుకోండి. అప్పుడు మీ కెమెరా నిజంగానే కార్డుని తుడిచేసింది. కానన్ లాంటి కెమెరాల్లో లో లెవెల్ ఫార్మాట్ అని వేరే టిక్ ఉంటుంది, అది పెట్టి ఉంటే అంతే. ఆ పరిస్థితిలో వేలు పోసి ఇంకో పది సాఫ్ట్‌వేర్లు కొన్నా ఉపయోగం లేదు. డబ్బు పెట్టాల్సి వచ్చే సాఫ్ట్‌వేర్ ఏదైనా, ఉచిత వెర్షన్‌లో ఫొటో పూర్తి సైజులో చూపిస్తేనే కొనండి. క్రాక్ చేసిన రికవరీ సాఫ్ట్‌వేర్ జోలికి మాత్రం దయచేసి పోవద్దు. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి డబ్బడిగే వైరస్‌లు ఆ క్రాక్‌ల్లో వస్తుంటాయి. పోయిన ఒక పెళ్ళి కోసం వెళ్ళి ఉన్న పెళ్ళిళ్ళు కూడా పోగొట్టుకుంటారు.

మీ ఫ్రెండు చెప్పిన చెక్‌డిస్క్ ఎందుకొద్దన్నానంటే, అది పోయిన ఫైళ్ళను వెతికే పని కాదు. ఫైల్ సిస్టమ్ తనలో తాను పొందికగా ఉందా అని చూసి, పొందిక లేనివి కత్తిరించేసే పని. ఫార్మాట్ అయిన మీ కార్డు దాని దృష్టిలో చక్కగా ఖాళీగా ఉంది, సరిచేయడానికేమీ లేదు. చెడిపోతున్న హార్డ్‌డిస్కు మీద నడిపితే ఇంకా ప్రమాదం. చదవలేకపోయిన ఫోల్డర్లను చెత్త అనుకుని తీసేస్తుంది, ఆ మార్పులు డిస్కు మీదే రాస్తుంది, గంటల తరబడి డిస్కుని తిప్పుతుంది.

ఇక హార్డ్‌డిస్కు. పోర్టబుల్ డిస్కులో గాజో అల్యూమినియమో పలక నిమిషానికి సాధారణంగా 5,400 సార్లు తిరుగుతుంది. చదివే హెడ్ ఆ పలకను తాకకుండా, నానోమీటర్ల ఎత్తులో గాలి పొర మీద తేలుతుంటుంది. మన కంటికి కనపడని ధూళి రేణువు కూడా ఆ సందు కంటే ఎన్నో రెట్లు పెద్దది. డిస్కు కిందపడ్డప్పుడు హెడ్ వంగడమో, పలకను తాకడమో జరిగి ఉంటుంది. టిక్ అన్న శబ్దం ఏమిటంటే, తాను ఎక్కడున్నానో చెప్పే గుర్తులు పలక మీద చదవలేక హెడ్ వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి ప్రయత్నించడం. ప్రతి టిక్కుకీ వంగిన హెడ్ పలక మీద గీత పెట్టే ప్రమాదం ఉంది. గీత పడిన చోటు డేటా ప్రపంచంలో ఎవరూ తేలేరు. అందుకే ఇంకోసారి పెట్టి చూద్దాం అనేది వద్దు.

కిందపడని డిస్కు టిక్‌మంటే మాత్రం ఒక్కసారి కేబుల్ మార్చి, హబ్ లేకుండా కంప్యూటర్ వెనక పోర్టులో నేరుగా పెట్టి చూడొచ్చు. కరెంటు చాలకపోయినా ఆ శబ్దమే వస్తుంది. మీది పడింది కాబట్టి ఆ పరీక్ష మీకు వర్తించదు. టిక్ లేకుండా సన్నగా బీప్‌మంటూ తిరగకపోతే హెడ్ పలకకు అతుక్కుపోయిందని. అదీ డేటా రికవరీ ల్యాబ్ పనే.

షాపులో విప్పి హెడ్ మారుస్తామన్నారని రాశారు. అడగాల్సింది ఒకటే: ఎక్కడ విప్పుతారు? ఈ పనికి ధూళి వడగట్టిన గాలి వచ్చే గది, కనీసం ఆ రకం బల్ల అయినా ఉండాలి. ఫ్యాను కింద, రోడ్డు పక్క కౌంటర్ మీద మూత తీస్తే అక్కడితో సరి. హెడ్‌ల కోసం అదే మోడల్, అదే రకం హెడ్‌లున్న ఇంకో డిస్కు కావాలి. ఆ రెండో డిస్కు ఖరీదే 4 వేలు దాటొచ్చు. కాబట్టి ఆ ధరకు హెడ్ మార్పిడి అంటే నాకు నమ్మకం కలగడం లేదు. అలాగే పైన పచ్చ సర్క్యూట్ బోర్డు మార్చేస్తే చాలనే మాటా వినకండి. చాలా డిస్కుల బోర్డు మీద ఆ డిస్కుకి మాత్రమే సరిపోయే సర్దుబాటు లెక్కలుండే చిప్ ఒకటుంటుంది. దాన్ని తీసి కొత్త బోర్డుకి అతికించకపోతే అదే మోడల్ బోర్డైనా పనిచేయదు. ఫ్రిజ్‌లో పెట్టడమైతే లోపల తేమ పట్టించడమే.

డబ్బా విప్పి లోపలి డిస్కుని సాటా కేబుల్‌తో (కంప్యూటర్ లోపలి డిస్కులకు వాడేది) పెడదామన్నా చాలా పోర్టబుల్ డిస్కుల్లో కుదరదు. యూఎస్‌బీ సాకెట్ నేరుగా డిస్కు బోర్డుకే అతికి ఉంటుంది, వేరే సాటా ఉండదు. డబ్ల్యూడీ మై పాస్‌పోర్ట్ లాంటి కొన్నిటిలో మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా డేటా గుప్తలిపిలోనే రాసి ఉంటుంది.

ఖర్చు పెట్టే ముందు ఆ డిస్కులో ఉన్నది ఇంకెక్కడైనా ఉందేమో ఒక జాబితా రాయండి. పాత పెళ్ళిళ్ళు అన్నారు. ఆల్బమ్ డిజైన్ చేసినవాళ్ళ సిస్టమ్‌లో, కరిజ్మా ఆల్బమ్ ప్రింట్ వేసిన ఫొటో ల్యాబ్‌లో, వీడియో ఎడిటర్ దగ్గర, ఇచ్చిన పెన్‌డ్రైవ్ రూపంలో పెళ్ళివాళ్ళ బీరువాలో చాలానే ఉంటాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగితే సగం పైగా ఉచితంగా తిరిగొచ్చే వీలుంది. మీ పాత కార్డులు కూడా ఇమేజ్ తీసి ఫొటోరెక్‌కి ఇవ్వండి, పోయిన సీజన్ ఫొటోలు అందులో ఇంకా ఉండొచ్చు. అప్పటికీ మిగిలినవి, ముఖ్యంగా డెలివరీ ఇవ్వాల్సిన పెళ్ళి ఏదైనా ఉంటే, అప్పుడు రికవరీ ల్యాబ్.

అలాంటి ల్యాబ్‌లు హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లో ఉన్నాయి. ఒప్పుకునే ముందు ఇవి రాతలో అడగండి. పరీక్షకు ఎంత, డేటా రాకపోతే ఎంత? డబ్బు కట్టే ముందు దొరికిన ఫైళ్ళ జాబితా చూపిస్తారా? డిస్కు విప్పే ముందు, విప్పాక దాని ఫొటోలు తీసి పంపుతారా? కుదరకపోతే డిస్కు విడిభాగాలతో సహా తిరిగిస్తారా? పెళ్ళివాళ్ళ ఫొటోలు బయటికి పోవని హామీ రాసిస్తారా? వీటికి తడుముకునే చోట ఇవ్వకండి. వీలైతే చేత్తో తీసుకెళ్ళండి. కొరియర్ తప్పదంటే డిస్కుని యాంటీస్టాటిక్ కవర్లో పెట్టి, అన్ని వైపులా కనీసం రెండంగుళాల బబుల్‌షీట్ చుట్టి, లోపల కదలని గట్టి పెట్టెలో పంపండి.

ఇకముందు ఎలా దాచుకోవాలని అడిగారు. మూడు కాపీలు, రెండు రకాల చోట్లు, అందులో ఒకటి వేరే ఊళ్ళో. ఈ 3-2-1 పద్ధతిని ఫొటోగ్రాఫర్లకు చెప్పి ప్రచారంలోకి తెచ్చింది అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్. వేరే ఊళ్ళో ఒకటి ఎందుకో విజయవాడ వాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్ళల్లో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. రెండు డిస్కులూ ఒకే ఇంట్లో, ఒకే బీరువా కింది అరలో ఉంటే అది ఒక కాపీ కిందే లెక్క. గుంటూరులో మీ అక్కయ్యో మేనమామో ఉంటే ఒక డిస్కు వాళ్ళింట్లో పెట్టండి, నెలకోసారి వెళ్ళినప్పుడు మార్చుకు రండి. నీళ్ళలో మునిగిన డిస్కు ఎవరికైనా ఉంటే ఎండబెట్టి పెట్టి చూడకండి. బురద లోపల ఎండితే పలకకు అంటుకుంటుంది. తడిగానే కవర్లో మూసి ల్యాబ్‌కి ఇవ్వాలి.

పెళ్ళి రాత్రి వరస ఇలా పెట్టుకోండి. కార్డు నుంచి ల్యాప్‌టాప్‌కి ఒక కాపీ, కార్డు నుంచే ఎక్స్‌టర్నల్ డిస్కుకి ఇంకో కాపీ. ల్యాప్‌టాప్ నుంచి డిస్కుకి కాదు, ఎందుకంటే మొదటి కాపీలో తప్పు పడితే అదే రెండోదాంట్లోకీ పోతుంది. టెరాకాపీ అనే కాపీ ప్రోగ్రామ్‌తో చేసి, వెరిఫై టిక్ పెట్టండి. రాసినదాన్ని మళ్ళీ చదివి అసలుతో పోల్చి చూస్తుంది, టైమ్ దాదాపు రెట్టింపవుతుంది, అయినా మానొద్దు. కార్డుల మీద నంబర్లు రాసి, తీసిన కార్డు డబ్బాలో బోర్లా పెట్టండి. రెండు కాపీలూ తెరిచి చూశాకే దాన్ని మళ్ళీ వెల్లకిలా తిప్పాలి. బోర్లా ఉన్న కార్డు కెమెరాలోకి పోకూడదు. మీ కెమెరాకి రెండు స్లాట్లుంటే రెండోది ఓవర్‌ఫ్లోలో కాకుండా బ్యాకప్‌లో ఉంచండి. రెండు కార్డుల్లోనూ ఒకే ఫొటో పడుతుంది.

బ్యాకప్ డిస్కుకి కాపీ చేయడానికి ఫ్రీఫైల్‌సింక్ అనే ప్రోగ్రామ్ వాడుతుంటే మిర్రర్ కాకుండా అప్‌డేట్ ఎంచుకోండి. మిర్రర్‌లో ల్యాప్‌టాప్‌లో పొరపాటున తీసేసిన ఫోల్డరు డిస్కులోంచి కూడా మాయమవుతుంది. మార్చిన ఫైళ్ళ పాత రూపం కూడా కావాలంటే తీసేసేవాటి దగ్గర వెర్షనింగ్ పెట్టండి. కాపీ అవగానే డిస్కుని సేఫ్‌గా తీసి బయట పెట్టేయండి. రోజంతా గుచ్చి ఉంచిన బ్యాకప్ డిస్కు, ఫైళ్ళకు తాళం వేసే వైరస్ వస్తే ల్యాప్‌టాప్‌తో పాటే పోతుంది.

క్లౌడ్ మీద రా ఫైళ్ళన్నీ పెట్టాలని చూడకండి. 150 జీబీ పెళ్ళి 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ స్పీడుతో ఎక్కడానికి 16 గంటల పైనే పడుతుంది. ఎడిట్ చేసిన 600 జేపెగ్‌లు, ఆల్బమ్ డిజైన్ ఫైళ్ళు కలిపి పది జీబీ లోపు, అవి పెట్టండి. అంతా పోయినా ఆల్బమ్ మళ్ళీ వేయగలిగేది వాటితోనే.

పడినా తట్టుకుంటుందని పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ కొందామని మీకు అనిపించొచ్చు. పని చేసుకోడానికి మంచిదే. కానీ ఎస్‌ఎస్‌డీలో ఫైలు తీసేయగానే ట్రిమ్ అనే ఆదేశంతో ఆ చోటు నిజంగానే ఖాళీ అయిపోతుంటుంది, కార్డుకి చెప్పిన రికవరీ దానికి చాలాసార్లు పనిచేయదు. కరెంటు లేకుండా ఏళ్ళ తరబడి బీరువాలో ఉంచడానికీ అది తగదు. దాచడానికి మామూలు హార్డ్‌డిస్కే, రెండు వేర్వేరు కంపెనీలవి, ఒకే రోజు కొన్న జత కాకుండా. చాలా పోర్టబుల్ డిస్కులు 35 డిగ్రీల దాకానే వాడమని చెబుతాయి. మన ఎండాకాలం మధ్యాహ్నం పెద్ద కాపీలు పెట్టకుండా రాత్రిపూట ఫ్యాను కింద పెట్టుకోండి. డిస్కు మీద కొన్న తేదీ రాయండి. మూడు నెలలకోసారి డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరిచి రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి వేరే చోటికి మార్చినవి), పెండింగ్ సెక్టార్లు (సరిగ్గా చదవలేక అనుమానంలో ఉన్నవి) అన్న వరసలు చూడండి. పెండింగ్ పెరుగుతుంటే ఆ డిస్కుని నమ్మొద్దు, ఆ రోజే కొత్తదానికి మార్చండి. మూడు నెలలకోసారి ఇలా చూసే రోజునే గుంటూరు డిస్కులోంచి కూడా ఓ ఇరవై ఫైళ్ళు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి.

పెళ్ళివాళ్ళకు ఏం చెప్పాలని మీరు అడగలేదు, కానీ మనసులో ఉండే ఉంటుంది. ఇమేజ్, ఫొటోరెక్ పని ఒక్క రోజుది. అది అయ్యాక, ఏవి వచ్చాయో ఏవి రాలేదో తెలిశాక, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రాని ఘట్టాలకు బంధువుల ఫోన్లలో ఫొటోలుంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమని అడగండి, లేదా డ్రైవ్ ఫోల్డరు లింకు ఇవ్వండి. ఎన్ని రోజులు ఆలస్యం చేస్తే వాళ్ళ ఫోన్లలోంచి అవి అన్ని పోతుంటాయి.

ఫొటోలన్నీ వచ్చాయనిపించినా ఆ కార్డుని, ఇమేజ్‌ని ఆల్బమ్ ప్రూఫ్ వాళ్ళు ఓకే చేసేదాకా అలాగే ఉంచండి. ఆ తర్వాత కార్డు మళ్ళీ వాడే ముందు హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష ప్రోగ్రామ్‌తో మొత్తం రాసి చదివించండి. కార్డు అసలు సైజు 64 జీబీ కాకపోయినా, లోపల చెడిన చోట్లున్నా అందులో తేలిపోతుంది. తప్పులు చూపిస్తే ఆ కార్డు పెళ్ళిళ్ళకు వాడొద్దు.